విసిగిపోయి ఓటు మానేస్తే ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది?

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని. ఓటు వచ్చిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా మానలేదు. 2024 మేలో చీకటి పడేదాకా క్యూలో నిలబడి మరీ వేశాను. సెప్టెంబరులో బుడమేరు వచ్చి సింగ్‌నగర్‌లో మా ఇల్లు మునిగింది. సామానంతా పోయింది. అప్పుడున్న వాళ్ళూ, అంతకుముందున్న వాళ్ళూ తప్పు మీదంటే మీదని చెప్పుకోవడమే గానీ మా వీధి కాలువ మాత్రం అలాగే ఉంది. ఎన్నికలప్పుడు ఇంటికొచ్చి కవర్లు ఇచ్చినవాళ్ళు వరదలో కనబడలేదు. ఒకసారి మేం గెలిపించిన ఆయనైతే కండువాయే మార్చేశాడు. ఇప్పుడు పటమటలో అద్దెకు ఉంటున్నాం, ఓట్లు మాత్రం సింగ్‌నగర్‌లోనే ఉన్నాయి. ఇకమీదట ఓటు వేయకూడదని అనుకుంటున్నాను. నోటా నొక్కినా దండగేనని షెడ్డులో కుర్రాళ్ళు అంటున్నారు. ఓటు మానేస్తే జాబితాలోంచి పేరు తీసేస్తారని మా ఆవిడ భయం. ఆగస్టులో 18 నిండే మా అబ్బాయి నన్ను చూసి తన పేరు రాయించుకోనంటున్నాడు. నేను చేస్తున్నది తప్పా?
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం:

తప్పు కాదండీ. ముందు ఆ మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఓటు వేయనివాడికి ప్రశ్నించే హక్కు లేదని ఎన్నికల ముందు చాలామంది దబాయిస్తుంటారు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 79(డి) సెక్షన్‌లో ఎన్నికల హక్కు అంటే ఏమిటో రాసినప్పుడు ఓటు వేయడంతో పాటు ఓటు వేయకుండా ఉండడాన్ని కూడా హక్కుగానే రాశారు. ఓటు మానేసినందుకు జరిమానా లేదు, రేషను ఆగదు, పింఛను ఆగదు. మీ ఇంటావిడ భయపడుతున్నట్టు, ఓటు వేయలేదన్న ఒక్క కారణంతో జాబితాలోంచి పేరు కూడా తీయరు. అయితే ఆవిడ భయంలో వేరే రకంగా కొంత నిజం ఉంది. దాని గురించి కింద చెబుతాం.

మీ హక్కు గురించి మాకు పేచీ లేదు. మీ కోపం ఎవరికి చేరాలని మీరు అనుకుంటున్నారో వాళ్ళకు ఈ దారిన చేరదు, మా అభ్యంతరమంతా అదే. ఎందుకు చేరదో తెలియాలంటే ఓటు పడ్డాక కాగితాల మీద ఏం జరుగుతుందో చూడాలి.

పోలింగ్ కేంద్రంలో మీరు సంతకం పెట్టే రిజిస్టరును 17ఏ అంటారు. పోలింగ్ అయ్యాక యంత్రంలో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో 17సీ ఫారంలో రాసి ఏజెంట్లకు నకలు ఇస్తారు. లెక్కింపు తర్వాత ప్రతి పోలింగ్ కేంద్రానికీ ఒక వరుస చొప్పున, ఏ అభ్యర్థికి ఎన్ని, నోటాకు ఎన్ని అని ఫారం 20లో నింపుతారు. ఎన్నికల తర్వాత పార్టీల వాళ్ళు కూర్చుని చదివేది ఈ ఫారం 20నే. ఏ వీధి మనది, ఏ వీధి పోయింది, ఎక్కడ ఇంకో యాభై ఓట్లు దొరుకుతాయి అని గీతలు గీసుకునేది దాని మీదే. ఓటు వేయనివాళ్ళకు అందులో గడి లేదు. చనిపోయినా పేరు తీయనివాళ్ళు, హైదరాబాదుకో బెంగళూరుకో పనికి పోయి రాలేకపోయినవాళ్ళు, మంచంలో ఉన్నవాళ్ళు, ఎండకు భయపడి ఆగిపోయినవాళ్ళు, మీలా మనసు విరిగి రానివాళ్ళు అందరూ ఒకే ఖాళీలో కలిసిపోతారు. మీరు బుడమేరు గురించి రాలేదో, బద్ధకించి రాలేదో ఆ కాగితం చదివేవాడికి తెలిసే వీలే లేదు. తెలిసేది ఒక్కటే, ఆ బూత్‌లో ఓట్లు తక్కువ పడతాయని. తక్కువ పడేచోట తిరగడం దండగ అనుకునే నాయకుడే ఎక్కువ. అంటే మీ వీధికి రావలసినవాడు ఇంకా దూరం పోతాడు.

అందరూ మానేస్తే ఎన్నికే ఆగిపోతుందన్న ఆశ కొందరికి ఉంటుంది. మన చట్టంలో కనీసం ఇంత శాతం పోలవ్వాలన్న నిబంధన లేదు. 2017 ఏప్రిల్‌లో శ్రీనగర్ లోక్‌సభ ఉప ఎన్నికలో 7 శాతం చిల్లర మాత్రమే ఓట్లు పడ్డాయి. ఆ ఎన్నిక చెల్లింది, ఫరూక్ అబ్దుల్లా గెలిచి పార్లమెంటుకు వెళ్ళారు. నూటికి తొంభై మందికి పైగా ఇళ్ళల్లో ఉండిపోయినా ఫలితం ఆగలేదు. మీరు రాకపోతే నిర్ణయం వాయిదా పడదు, వచ్చినవాళ్ళ చేతిలోకి పోతుంది. వచ్చేవాళ్ళలో కవరు అందినవాళ్ళు తప్పకుండా ఉంటారు.

'నా ఒక్క ఓటుతో ఏమవుతుంది' అన్నది మీరు రాయలేదు గానీ మీ ఉత్తరం నిండా ఆ నిట్టూర్పు ఉంది. మీ పేరు ఉన్నది విజయవాడ సెంట్రల్ నియోజకవర్గంలో. 2019లో అక్కడ మల్లాది విష్ణు బొండా ఉమామహేశ్వరరావు మీద గెలిచిన మెజారిటీ 25 ఓట్లు. మీ షెడ్డులోనూ పక్క షెడ్డులోనూ పనిచేసేవాళ్ళను కలిపితే అంతమంది ఉంటారేమో. అదే రోజు, అదే క్యూలో నిలబడి వేసిన రెండో ఓటుతో విజయవాడ లోక్‌సభ సీటు ఇంకో పార్టీకి 8,726 మెజారిటీతో పోయింది. పక్కనున్న గుంటూరు లోక్‌సభ 4,205తో తేలింది. గన్నవరం అసెంబ్లీ 838తో. అయితే 2024లో మీ సెంట్రల్‌లోనే బొండా ఉమా 68 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఆ ఎన్నికలో మీ ఓటు ఉన్నా లేకున్నా ఫలితం మారేది కాదు, దీన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. చాలా ఎన్నికల్లో ఒక్క ఓటు గెలుపోటములు తేల్చదు. ఏ ఎన్నిక 25 దగ్గర ఆగుతుందో, ఏది 68 వేలు దాటుతుందో మాత్రం పోలింగ్ రోజున ఎవరికీ తెలియదు. 1989లో అనకాపల్లి లోక్‌సభ 9 ఓట్లతో తేలుతుందని ఆ రోజు ఇంట్లో ఉండిపోయినవాళ్ళు అనుకుని ఉండరు.

ఇక నోటా. షెడ్డులో కుర్రాళ్ళు చెప్పింది సగం నిజం. నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో రెండో స్థానంలో ఉన్న అభ్యర్థే గెలిచినట్టు. మళ్ళీ ఎన్నిక జరుగుతుందని, ఆ అభ్యర్థులందరినీ అనర్హుల్ని చేస్తారని వాట్సాప్‌లో తిరిగేవి అబద్ధాలు. డిపాజిట్ లెక్కలో కూడా నోటాను కలపరు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటనివాడికి డిపాజిట్ పోతుంది. చెల్లిన ఓట్లు లక్షా 50 వేలైతే 25 వేలు దాటాలి. నోటాకు పడ్డ ఓట్లు ఆ లక్షా 50 వేలలోకి రావు. కాబట్టి నోటా నొక్కి ఎవరి డిపాజిట్టూ పోగొట్టలేరు. 2024లో ఇండోర్ లోక్‌సభలో కాంగ్రెస్ అభ్యర్థి చివరి నిమిషంలో నామినేషన్ వెనక్కి తీసుకున్నప్పుడు నోటాకు 2 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. గెలిచిన అభ్యర్థి మెజారిటీ అప్పటికీ 11 లక్షలు దాటింది. అదే ఏడాది సూరత్‌లో ఒక్కరే మిగలడంతో ఏకగ్రీవమైపోయింది. అక్కడ పోలింగే లేదు, ఇక నోటా ఎక్కడ నొక్కుతారు?

మిగిలిన సగం ఏమిటంటే, నోటాకు ఫారం 20లో గడి ఉంది. మీ బూత్‌లో 900 ఓట్లు పడి అందులో 110 నోటాకు పడితే ఆ 110 మంది వచ్చారని, క్యూలో నిలబడ్డారని, ఉన్నవాళ్ళెవరూ వద్దన్నారని రాతపూర్వకంగా ఉంటుంది. ఇంట్లో కూర్చున్న 110 మందికి ఆ రాత లేదు. అసలు నోటా వచ్చిందే ఇందుకు. అంతకుముందు 49-ఓ నిబంధన కింద ఓటు వేయనని చెప్పాలంటే రిజిస్టరులో సంతకం పెట్టాక అధికారికి అందరి ముందూ చెప్పి, అక్కడ రాయించి మళ్ళీ సంతకం పెట్టాలి. ఏజెంట్లు చూస్తూనే ఉంటారు. వద్దనడానికి కూడా రహస్యం ఉండాలని పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2013 సెప్టెంబరు 27న తీర్పు ఇచ్చాక యంత్రం మీద ఆఖరి బటన్‌గా నోటా వచ్చింది. మహారాష్ట్ర, హర్యానా రాష్ట్ర ఎన్నికల సంఘాలు 2018లో స్థానిక ఎన్నికలకు ఇంకో అడుగు వేశాయి. నోటాకే ఎక్కువ వస్తే ఎన్నిక మళ్ళీ పెడతామన్నాయి. మన దగ్గర కూడా కార్పొరేషన్ ఎన్నికలకు అలాంటి ఉత్తర్వు కావాలని అడగవలసింది రాష్ట్ర ఎన్నికల సంఘాన్ని. అడిగేవాళ్ళు ఇంతవరకూ బలంగా లేరు.

ఇంకో సంగతి. 2019, 2024లలో మాదిరి అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు కలిసి వస్తే రెండు యంత్రాలు ఉంటాయి. ఒకదాని మీద మీకు నచ్చిన మనిషి ఉంటే అక్కడ వేసి, రెండోదాని మీద నోటా నొక్కవచ్చు. రెండింటికీ ఒకే కోపం చూపించనక్కర్లేదు.

మా వరకు మేం నోటా కన్నా ముందు ఇంకో దారి చూడమంటాం. పెద్ద పార్టీల ఇద్దరు ముగ్గురు తప్ప మిగతా పేర్లను మనం చదవనే చదవం. అసెంబ్లీకి 10 వేల రూపాయల డిపాజిట్ కట్టి నిలబడినవాళ్ళలో డమ్మీలు ఉంటారు, పేరు గందరగోళం కోసం నిలబెట్టినవాళ్ళు ఉంటారు, నిజంగా కాలనీ సమస్య మీద తిరిగినవాళ్ళూ ఒకరిద్దరు ఉంటారు. ఆ ఒకరికి వేసిన ఓటు గెలవకపోయినా వృథా కాదు. అది ఆరో వంతు లెక్కలోకి వస్తుంది. పార్టీ గుర్తింపు లెక్కలోకీ వస్తుంది. రాష్ట్రంలో చెల్లిన ఓట్లలో 6 శాతం, దానితో పాటు 2 అసెంబ్లీ సీట్లు ఉన్నా, సీట్లు లేకుండా 8 శాతం ఓట్లున్నా రాష్ట్ర పార్టీగా గుర్తింపు, సొంత గుర్తు దక్కుతాయి. నోటాకు పడ్డ ఓటు ఎవరినీ అక్కడిదాకా తీసుకుపోదు.

అభ్యర్థులను తెలుసుకోవడానికి నామినేషన్‌తో పాటు వాళ్ళిచ్చే ప్రమాణపత్రం, ఫారం 26 అఫిడవిట్ చాలు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో, నో యువర్ క్యాండిడేట్ యాప్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీ అబ్బాయి ఫోన్లో ఐదు నిమిషాల్లో తీయగలడు. అందులో ఆస్తుల మొత్తం చూసి నోరు తెరవడం కాకుండా మూడు చోట్ల ఆగండి. మొదటిది కేసులు. ఎన్ని కేసులు అన్నదాని కన్నా ఏ సెక్షన్, కోర్టు అభియోగాలు నమోదు చేసిందా లేదా అన్నది ముఖ్యం. ధర్నా చేసిన కేసూ, మోసం కేసూ అంకెల్లో ఒకటే గానీ మీకు ఒకటి కావు. రెండోది, పాత ఎన్నికలో ఇచ్చిన అఫిడవిట్ పక్కన పెట్టుకుని ఐదేళ్ళలో భూములు ఎక్కడ పెరిగాయో చూడడం. మూడోది ప్రభుత్వానికి బకాయిల గడి. నగరంలో నీళ్ళ పన్ను, ఇంటి పన్ను గురించి మనకు చెప్పేవాడు తన బకాయిల గడిలో ఏం రాశాడో చూస్తే చాలా తెలుస్తుంది. కేసులున్న అభ్యర్థి వాటిని పత్రికల్లో, టీవీల్లో మూడుసార్లు ప్రకటించాలి. కేసులు లేనివాడు దొరకలేదా, ఇతన్నే ఎందుకు నిలబెట్టాం అని పార్టీ కారణం రాసి బయటపెట్టాలి. పత్రికలో ఆ చిన్న అక్షరాల ప్రకటన కనబడితే పేజీ తిప్పేయకండి.

కండువా మార్చినవాళ్ళ గురించి మీ బాధ న్యాయమైనది, దానికి ఓటరు చేతిలో మందు లేదన్నది కూడా నిజం. 1985 నాటి ఫిరాయింపుల చట్టం ప్రకారం ఎమ్మెల్యే మీద నిర్ణయం స్పీకర్‌ది. చట్టంలో గడువు రాయలేదు. మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పినా ఏళ్ళ తరబడి నానబెట్టిన సందర్భాలు దేశమంతటా ఉన్నాయి. గెలిచినవాణ్ణి మధ్యలో వెనక్కి పిలిచే హక్కు అసెంబ్లీ స్థాయిలో మనకు లేదు. అలాంటివాడు మళ్ళీ నిలబడ్డ రోజున మీరు ఇంట్లో ఉంటే మాత్రం అతనికి అంతకన్నా మంచి వార్త లేదు.

కవర్ల విషయం. తీసుకున్నాక ఆ పార్టీకే వేయాలన్న భయం, 'ఎవరికి వేశామో వాళ్ళకు తెలిసిపోతుంది' అన్న భయం చాలా ఇళ్ళల్లో ఉంది. ఎవరు ఎవరికి వేశారో తెలిసే దారి లేదు. తెలిసేది మీ బూత్‌లో వెయ్యి మందో, పన్నెండు వందల మందో కలిసి వేసిన మొత్తం మాత్రమే. ఓటు ఎవరికి పడిందో చూపించే వీవీప్యాట్ చీటీ 7 సెకన్లు మీకే కనబడి పెట్టెలో పడిపోతుంది, దాని మీద మీ పేరు ఉండదు. డబ్బు ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ భారతీయ న్యాయ సంహిత 170, 173 సెక్షన్ల కింద నేరాలే, ఏడాది దాకా శిక్ష ఉంది. పంపకం కళ్ళపడితే ఎన్నికల కోడ్ అమల్లో ఉన్న రోజుల్లో సీవిజిల్ యాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ జనం చేసే పొరపాటు ఒకటుంది. ఇంటికొచ్చి గ్యాలరీలోని ఫొటో పెట్టాలని చూస్తారు, యాప్ తీసుకోదు. జరుగుతున్న చోటే నిలబడి యాప్‌లోంచే ఫొటోగానీ 2 నిమిషాల లోపు వీడియోగానీ తీయాలి. స్థలం దానంతటదే నమోదవుతుంది. పేరు చెప్పకుండా కూడా పంపవచ్చు. 100 నిమిషాల్లో తేల్చాలన్నది వాళ్ళ నియమం.

ఓటు మానడం ఎప్పుడైనా పనిచేస్తుందా అంటే, ఒక్క సందర్భంలో కొంత పనిచేస్తుంది. వీధి మొత్తమో, ఊరు మొత్తమో ముందుగా చెప్పి మానినప్పుడు. రోడ్డు వేయలేదనో, వంతెన కట్టలేదనో కొన్ని ఊళ్ళు పోలింగ్ బహిష్కరిస్తామని ప్రకటించినప్పుడు తహసీల్దారో ఆర్డీవోనో వచ్చి మాట్లాడతారు. అక్కడ ఫలితం తెచ్చేది మానడం కాదు. రాతలో ఉన్న ఒకే ఒక్క కోరిక, దాని కింద ఉన్న సంతకాలు, పోలింగ్‌కు కొన్ని వారాల ముందే ఆ కాగితం కలెక్టరు చేతికి, పత్రికల చేతికి చేరడం. పోలింగ్ రోజు ఉదయం అకస్మాత్తుగా మొదలుపెట్టిన బహిష్కరణకు సాయంత్రం దాకా హడావిడి, తర్వాత ఏమీ ఉండదు. వేస్తానన్నవాణ్ణి అడ్డుకుంటే అది నేరం కూడా. మీరు ఒక్కరే పటమటలో కూర్చుని మానడానికీ దీనికీ పోలికే లేదు.

ఇప్పుడు మీ బుడమేరు దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీ మనసు విరిగింది అక్కడ. 2024 సెప్టెంబరు మొదట్లో ఒకేసారి రెండు జరిగాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు స్థాయిలో ఉంది. బుడమేరు నీటిని వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర మళ్ళించి కృష్ణలో కలిపే డైవర్షన్ కాలువకు గండ్లు పడ్డాయి. కృష్ణ నిండుగా ఉంటే ఆ కాలువ నీరు నదిలోకి దిగదు. గండ్లు పడితే ఆ నీరంతా పాత బుడమేరు దారిలో సింగ్‌నగర్ మీదికే వస్తుంది. డైవర్షన్ కాలువ, రెగ్యులేటర్ జలవనరుల శాఖవి. మీ వీధి కాలువ, వాన నీటి డ్రెయిను కార్పొరేషన్‌వి. ఈ తేడా తెలియకపోతే ఎమ్మెల్యేను అడిగితే కార్పొరేటర్‌ను, కార్పొరేటర్‌ను అడిగితే ఇరిగేషన్‌ను చూపిస్తారు. ఐదేళ్ళకోసారి వేసే ఓటుతో వీధి కాలువ బాగవుతుందని అనుకోవడం వల్లనే చాలామందికి ఓటు మీద విరక్తి పుడుతుంది. ఓటు చేయగలిగింది చిన్నది. మిగతాది మధ్యలో ఉన్న రోజుల్లో కాగితాలతో జరగాలి.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజాసమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. ఒక అర్జీలో ఒక్క సమస్యే రాయండి. కాలువ, పరిహారం, రోడ్డు మూడూ కలిపి రాస్తే మూడు శాఖల మధ్య తిరిగి తిరిగి 'పరిష్కరించాం' అన్న ముద్రతో మూతపడుతుంది. వీధి పేరు, ఏ ఇంటి నంబరు నుంచి ఏ ఇంటి నంబరు దాకా, రెండు ఫొటోలు పెట్టండి. దానితో పాటు 10 రూపాయల రుసుముతో కార్పొరేషన్‌కు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. తెల్ల రేషన్ కార్డు ఉంటే నకలు జతచేస్తే ఆ రుసుమూ ఉండదు. 'ఎందుకు బాగు చేయలేదు' అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే చట్టం ఇచ్చేది ఉన్న కాగితాన్ని గానీ సంజాయిషీని కాదు. 'ఫలానా వీధి డ్రెయినుకు గత మూడేళ్ళలో మంజూరైన పనులు, అంచనా మొత్తం, కాంట్రాక్టరుకు చెల్లించిన బిల్లులు, కొలతల పుస్తకం నకలు ఇవ్వండి' అని అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. చాలామంది ఇక్కడ ఆగిపోతారు, కాగితం కదిలేది తరచు అప్పీలు తర్వాతే. ఆ జవాబు మీ చేతిలో ఉంటే వచ్చే ఎన్నికలో ఇంటికొచ్చిన మనిషిని అడగడానికి మీ దగ్గర అంకె ఉంటుంది.

ఓటు విలువ ఎక్కువ ఎక్కడంటే కార్పొరేటర్ ఎన్నికలో. విజయవాడలో 64 డివిజన్లు, గుంటూరులో 57. ఒక డివిజన్‌లో కొన్ని వేల ఓట్లే ఉంటాయి, అసెంబ్లీకి వచ్చినంత మంది రారు, కొన్ని వందలతోనే తేలిపోతుంది. 2010 నుంచి 2021 దాకా గుంటూరుకు ఎన్నికైన కౌన్సిలే లేదు. అన్నేళ్ళూ అధికారులే నడిపారు, అడగడానికి వీధిలో ఒక పేరు కూడా లేదు. మీకు కోపం వచ్చిన కాలువ ఆ డివిజన్ బడ్జెట్‌లోది. అసెంబ్లీకి మానేసినా మానేయండి, కార్పొరేషన్‌కు మానకండి అని చెప్పడానికి మాకు సంకోచం లేదు.

ఇక మీ ఇంటి పనులు. మీ ఇంటావిడ భయంలో నిజం ఇక్కడుంది. ఓటు వేయనందుకు పేరు పోదు గానీ, ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారి (బీఎల్‌ఓ) వచ్చినప్పుడు సింగ్‌నగర్ ఇంటికి తాళం ఉండి, వలస వెళ్ళారని పక్కవాళ్ళు చెబితే పోతుంది. తీసేముందు నోటీసు ఇవ్వాలి, కానీ అది పాత చిరునామాకే వెళుతుంది. అందుకని మీరూ ఆవిడా ఇప్పుడే పటమటకు మార్పించుకోండి. పటమట విజయవాడ తూర్పు నియోజకవర్గం. ఇల్లు మారినవాళ్ళు నింపవలసింది ఫారం 8. కొందరు ఫారం 6 నింపేస్తారు. అది కొత్తగా చేరేవాళ్ళది. నా పేరు ఇంకెక్కడా లేదని అందులో సంతకం పెట్టాలి, ఉండగా పెడితే తప్పుడు ప్రకటన కింద ఏడాది దాకా శిక్ష ఉంది. ఫారం 8 వేస్తే పాతచోట పేరు వాళ్ళే తీసి కొత్తచోట చేరుస్తారు, కార్డు నంబరు మారదు. అద్దెకున్నవాళ్ళకు చిరునామా రుజువు దగ్గర చిక్కు వస్తుంది. అద్దె ఒప్పందం రిజిస్టరు అయినదే లెక్క, వంద రూపాయల స్టాంపు కాగితం చాలదు. కరెంటు బిల్లు ఇంటి యజమాని పేరున ఉంటుంది. ముందు బ్యాంకు పాస్‌బుక్‌లోనో ఆధార్‌లోనో చిరునామా మార్చుకుని దాన్ని జతచేస్తే పని తేలిక. నామినేషన్ల ఆఖరి రోజు తర్వాత జాబితాలో మార్పులు ఉండవు, మధ్యలో అభ్యంతరాల కోసం ఒక వారం పోతుంది. నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తేవాళ్ళు మిగిలిపోయేది ఇందుకే.

పోలింగ్ నాడు సెలవు గురించి షెడ్డులో యజమానికి చెప్పండి. రోజు కూలీకి పనిచేసేవాళ్ళకు కూడా ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ కింద ఆ రోజు జీతంతో సెలవు ఇవ్వాలి. గడువు సమయానికి క్యూలో ఉన్నవాళ్ళందరికీ చివరి మనిషి నుంచి మొదలుపెట్టి చీటీలు ఇస్తారు. ఆ చీటీ చేతిలో ఉంటే అర్ధరాత్రైనా వేయనివ్వాలి. ఓటరు స్లిప్పు ఒక్కటే తీసుకుపోతే చాలదు, ఓటరు కార్డుగానీ ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్ వంటిదేదైనాగానీ ఉండాలి. మీ ఓటు ఎవరో వేసేశారంటే గొడవపడి వెళ్ళిపోకండి. టెండర్ ఓటు అడగండి. 17బి ఫారంలో సంతకం పెట్టించుకుని బ్యాలెట్ కాగితం ఇస్తారు. అది మామూలు లెక్కింపులో కలవదు, కోర్టు అడిగితేనే తెరుస్తారు. అయినా దొంగ ఓటు పడిందన్నదానికి అదొక్కటే మీ రుజువు. టెండర్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్ అని ప్రతి ఎన్నికకూ తిరిగే సందేశం అబద్ధం.

మీ అబ్బాయి సంగతి చివరికి మిగిల్చాం, తేలిక కాబట్టి కాదు. మీరు వేయాలా వద్దా అన్నది పాతికేళ్ళు వేసి చూసి మీరు తేల్చుకుంటున్నారు. అతను ఇంకా ఏమీ చూడలేదు, అతని చేత ఇప్పుడే వద్దనిపించడం న్యాయం కాదు. పేరు రాయించుకోవడానికీ, ఓటు వేయడానికీ మధ్య బోలెడు దూరం ఉంది. పేరు ఉంటే ఆ రోజుకు మనసు మారినా వెళ్ళగలడు, లేకపోతే కార్డున్నా పంపించేస్తారు. ఇప్పుడు జనవరి 1 దాకా ఆగనక్కర్లేదు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే. ఆగస్టులో 18 నిండేవాడు అక్టోబరు 1 లెక్కలో వస్తాడు, 17 నిండాక ముందే దరఖాస్తు కూడా పెట్టుకోవచ్చు. ఫారం 6, ఒక ఫొటో, పుట్టిన తేదీకి పదో తరగతి మార్కుల మెమో, చిరునామా రుజువు, ఇంట్లో ఇప్పటికే ఓటున్న ఒకరి కార్డు నంబరు కావాలి. కాబట్టి ముందు మీ ఇద్దరి ఫారం 8లు పటమటకు మారనివ్వండి, తర్వాత అతనిది పెట్టించండి. ముగ్గురి పేర్లూ ఒకే బూత్‌లో వస్తాయి. ఏదైనా అడ్డుపడితే ఓటర్ల హెల్ప్‌లైన్ నంబరు 1950కి ఫోన్ చేసి దరఖాస్తు నంబరు చెప్పండి.